పటం గీతతో ఆగని లెక్క: సరిహద్దు ఊళ్ల సంబంధాలను కంప్యూటరుతో అధ్యయనం చేసే పద్ధతి

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని తెలుగు కుటుంబాల మధ్య సంబంధాలు ఎలా అల్లుకొని ఉన్నాయో తెలుసుకోవాలనుకునే వారిలో రెండు రకాలవారు ఉంటారు. కొందరు సామాజిక శాస్త్రం చదివినవారు; వారికి నెట్‌వర్కులను, అంటే మనుషుల మధ్య సంబంధాల వలలను, కంప్యూటరుతో లెక్కగట్టడం అలవాటు ఉండదు. మరికొందరికి కోడ్ రాయడం బాగా వచ్చు కాని, పర్లాకిమిడి వీధిలో ఒక ఇంటి గడప ముందు నిలబడి ఏమి అడగాలో తోచదు. ఈ వ్యాసం ఇద్దరినీ ఉద్దేశించి రాసింది. ఇందులో చెప్పే సాఫ్ట్‌వేర్లన్నీ ఉచితంగా దొరికేవే, మామూలు ల్యాప్‌టాప్ మీద నడిచేవే. అసలు కష్టం లెక్కకు ముందే ఉంది: ఎవరిని లెక్కలోకి తీసుకోవాలి, దేన్ని సంబంధం అనాలి అన్న రెండు నిర్ణయాలలో. సరిహద్దు జిల్లాల్లో మొదటి నిర్ణయం తప్పితే, తరువాతి లెక్క ఎంత శుద్ధంగా చేసినా ఫలితం తలకిందులవుతుంది.

ముందుగా ప్రశ్నను చిన్నదిగా చేసుకోవాలి

“సరిహద్దు తెలుగువారి సామాజిక సంబంధాలు” అన్నది శీర్షికగా బాగుంటుంది కాని ప్రశ్నగా పనికిరాదు. “ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఏ ఆసుపత్రికి వెళ్లాలో ఎవరిని అడుగుతారు?” అన్నది ప్రశ్న. పర్లాకిమిడి కుటుంబానికి శ్రీకాకుళం, విశాఖపట్నం ఒకవైపు, బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి మరోవైపు ఉంటాయి. ఇచ్ఛాపురం కుటుంబానికి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయినా బరంపురమే దగ్గర. ఏ దారి ఎంచుకుంటారన్నది చాలావరకు ఎవరి మాట విన్నారన్న దానిమీద ఆధారపడుతుంది కనుక, ఇక్కడ సంబంధాన్ని లెక్కించడానికి అర్థం ఉంది.

ఇద్దరు మనుషుల మధ్య సంబంధాన్ని ఈ వ్యాసంలో లంకె అంటాను. లంకెలు ఒకే రకంవి కావు. చేబదులు అడిగేది ఒకరిని, పెళ్లి సంబంధం గురించి వాకబు చేసేది మరొకరిని, పథకానికి దరఖాస్తు ఎలా పెట్టాలో కనుక్కునేది ఇంకొకరిని. వీటన్నిటినీ “పరిచయం” అనే ఒక్క మాట కింద కలిపివేస్తే ఊళ్లో అందరికీ అందరూ పరిచయమే అవుతారు, నెట్‌వర్కులో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఈ విషయంలో ఆదర్శంగా తీసుకోదగినది కర్ణాటక గ్రామాల మీద అభిజిత్ బెనర్జీ, అరుణ్ చంద్రశేఖర్, ఎస్తేర్ దుఫ్లో, మాథ్యూ జాక్సన్ చేసిన పరిశోధన. సూక్ష్మ రుణాల కబురు ఊళ్లో ఎలా పాకుతుందన్న దానిపై వారి ఫలితాలు 2013లో వెలువడ్డాయి. 75 గ్రామాల్లో సేకరించిన ఆ వివరాల్లో బియ్యం, కిరోసిన్ ఎవరి దగ్గర బదులు తెచ్చుకుంటారు, ఎవరితో కలిసి గుడికి వెళ్తారు, ఎవరి సలహా అడుగుతారు వంటి ప్రశ్నలు విడివిడిగా ఉన్నాయి. మొదట కబురు అందుకున్నవారు నెట్‌వర్కులో కీలకమైన చోట ఉన్న గ్రామాల్లో రుణాల్లో చేరినవారు ఎక్కువగా ఉన్నారని తేలింది. మీ ప్రశ్నావళిలో ఇన్ని రకాలు అవసరం లేదు. మూడు రకాల లంకెలు మించితే అడిగేవారికి, చెప్పేవారికి కూడా విసుగు పుడుతుంది.

నెట్‌వర్కు హద్దు రాష్ట్రం హద్దు కాదు

ఒడిశా ప్రత్యేక ప్రాంతంగా ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. నౌపడా నుంచి పర్లాకిమిడికి రైలు నడిచింది 1900లో. అంటే టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడిలను కలిపిన రైలు పట్టాలు ఆ ఊళ్ల మధ్య గీసిన సరిహద్దు కంటే 36 ఏళ్లు పెద్దవి. వియ్యాలు, వ్యాపారాలు, అప్పులు ఆ దారి వెంటే సాగాయి, ఇప్పటికీ సాగుతున్నాయి. అందువల్ల గజపతి జిల్లా పటం ఎక్కడ ముగిసిందో అక్కడే సర్వే కూడా ముగించడం ఇక్కడ ఎంత ప్రమాదమో ఒక చిన్న లెక్కతో చూపుతాను. కాగితం మీద వేసి చూడవలసిందిగా పాఠకులను కోరుతున్నాను.

పర్లాకిమిడిలో ఒకే వీధిలో నలుగురు ఉన్నారనుకోండి: అ, ఇ, ఉ, ఎ. ఆ నలుగురూ ఒకరికొకరు తెలిసినవారే కనుక వారి మధ్య 6 లంకెలు. ఆంధ్ర వైపున్న పాతపట్నంలో క, చ, ట అనే ముగ్గురు ఉన్నారు; వారిలో వారికి 3 లంకెలు. పర్లాకిమిడిలో మందుల దుకాణం నడిపే త అనే వ్యక్తికి రెండే లంకెలున్నాయి: ఒకటి అ తో, మరొకటి పాతపట్నంలోని క తో. మొత్తం 8 మంది, 11 లంకెలు. ఎనిమిది మంది మధ్య 28 లంకెలకు అవకాశం ఉంది కనుక సాంద్రత 11ను 28తో భాగిస్తే వచ్చేది, సుమారు 0.39. లంకెల సంఖ్య ప్రకారం చూస్తే త అందరికంటే అడుగున ఉన్నవారిలో ఒకడు. అయితే ఎవరైనా ఇద్దరి మధ్య కబురు అతి దగ్గర దారిలో వెళ్లాలంటే ఎవరి గుండా వెళ్లాలి అన్నది లెక్కిస్తే కథ మారుతుంది. వీధిలోని నలుగురికీ పాతపట్నంలోని ముగ్గురికీ మధ్య ఉన్న 12 జతల దారులూ త గుండానే పోతాయి. నలుగురితో లంకె ఉన్న అ కు కూడా వచ్చేది 12 మాత్రమే. క కు 10. ఈ కొలతను మధ్యవర్తిత్వం అనవచ్చు. లింటన్ ఫ్రీమన్ 1977లో దీన్ని సూత్రబద్ధం చేశారు.

ఇప్పుడు సర్వేను ఒడిశా హద్దు దగ్గర ఆపివేయండి. క, చ, ట లెక్కలోంచి పోతారు. మిగిలింది 5 మంది, 7 లంకెలు. సాంద్రత ఒక్కసారిగా 0.70కి పెరుగుతుంది. త కు ఒక్క లంకె మిగులుతుంది, అతని మధ్యవర్తిత్వం సున్నా అవుతుంది. నివేదిక ఏమంటుంది? “ఇది చాలా గట్టిగా ముడిపడిన, తనలో తాను మునిగిన సమూహం, మందుల దుకాణదారుడు అంచున ఉన్న వ్యక్తి.” రెండు వాక్యాలూ తప్పే. లెక్కలో పొరపాటు ఒక్కటీ లేదు, కోడ్ సరిగానే నడిచింది. పటం తీసుకున్న చోటే తప్పు జరిగిపోయింది. రెండు వైపులా మనుషులున్న ప్రతి ఊళ్లోనూ ఈ తప్పు ఒకే దిశలో జరుగుతుంది: సమూహం ఉన్నదానికంటే ఎక్కువ మూసుకున్నట్టు, వారధిగా ఉన్నవాడు అనామకుడిలా కనిపిస్తారు.

హద్దు నిర్ణయించడం ఎంత కీలకమో 1983లోనే ఎడ్వర్డ్ లామన్, పీటర్ మార్స్‌డెన్, డేవిడ్ ప్రెన్‌స్కీ విపులంగా చర్చించారు: పరిశోధకుడు బయటి నుంచి గీసే హద్దు వేరు, అందులోని మనుషులు తాము ఎవరితో కలిసి ఉన్నామని అనుకుంటారో ఆ హద్దు వేరు. ఆచరణలో నేను సూచించే పద్ధతి ఇది. ఒక వార్డునో, ఒక వీధి సముదాయాన్నో తీసుకొని అందులోని వయోజనులందరినీ అడగండి. వారు చెప్పిన పేర్లలో వార్డు బయటివారిని, అవతలి రాష్ట్రం వారిని కూడా కొట్టివేయకుండా రెండో జాబితాగా రాసుకోండి. ఆ జాబితాలో కనీసం ఇద్దరు చెప్పిన పేర్లను, ఊరు ఏదైనా సరే, కలవడానికో ఫోనులో మాట్లాడటానికో ప్రయత్నించండి. మాట్లాడలేకపోయిన వారిని ఫైలులో ఉంచి, “అడగనివారు” అని ఒక గుర్తు పెట్టండి. అడిగినవారి లంకెల సంఖ్యతో అడగనివారి లంకెల సంఖ్యను పోల్చరాదు. ఎందుకంటే అడగనివారి వైపు నుంచి ఒక్క లంకె కూడా నమోదు కాలేదు.

గడప దగ్గర అడగడం

ప్రశ్న అడిగి పేర్లు రాసుకోవడం తేలికగా కనిపిస్తుంది. కాని ఆసుపత్రి సంగతి ఎవరిని అడుగుతారంటే ఒక ఇల్లాలు “మా ఆడపడుచు పెనిమిటిని అడుగుతామండీ, టెక్కల్లో ఉంటారు” అని ఊరుకుంటుంది. పేరు చెప్పదు, పెద్ద వయసువారు ఇంటి అల్లుళ్ల పేరు, భర్త పేరు, బావగారి పేరు నోటితో పలకకపోవడం మర్యాదగా భావిస్తారు. అప్పుడు ఒత్తిడి చేసి పేరు రాబట్టకూడదు. ఫారంలో నాలుగు గళ్లు పెట్టుకోండి: చెప్పినవారి సంకేత సంఖ్య, చుట్టరికం, ఊరు, వృత్తి. “ఆడపడుచు భర్త, టెక్కలి, రైల్వే ఉద్యోగి” అన్నది పేరు లేకపోయినా చాలు. అదే ఇంట్లో మరొకరు గాని, ఆ ఆడపడుచు గాని తరువాత పేరు చెబుతారు, అప్పుడు రెండు వరుసలూ ఒకటే మనిషివని తెలుస్తుంది.

ఎన్ని పేర్లు చెప్పవచ్చో ముందుగా పరిమితి పెట్టకపోవడమే మంచిది. అమెరికాలో 1985లో జరిగిన సాధారణ సామాజిక సర్వేలో ముఖ్య విషయాలు ఎవరితో మాట్లాడతారని అడిగినప్పుడు వివరాలు నమోదు చేసింది ఐదుగురి వరకే. అంత పెద్ద సర్వేలో అది అవసరం కావచ్చు కాని, చిన్న ఊళ్లో ఐదు దగ్గర ఆపితే మొదట దగ్గర చుట్టాలు వచ్చి జాబితా నిండిపోతుంది. దూరపు పరిచయం, అంటే మందుల దుకాణదారుడు, బస్సు కండక్టరు, బరంపురంలో చదువుకుంటున్న పక్కింటి అబ్బాయి వంటివారు బయట ఉండిపోతారు. కొత్త సమాచారం తరచుగా అలాంటి పలుచని పరిచయాల ద్వారానే వస్తుందని మార్క్ గ్రానోవెటర్ 1973లో వాదించారు. సరిహద్దు ఊళ్లో ఆ పలుచని లంకెల్లో చాలావరకు ఒడియా మాట్లాడేవారితోనో, గీతకు అవతలి వారితోనో ఉంటాయి. పేర్లు ఆగిపోయాక “ఒడియావారిలో ఎవరినైనా అడుగుతారా? ఆంధ్రా వైపు ఎవరినైనా?” అని ఒక్కసారి గుర్తుచేయాలి, అయితే ఆ గుర్తుచేయడం అందరి దగ్గరా ఒకే మాటల్లో జరగాలి.

మరొక సంగతి. తెలుగు కుటుంబాల్లో మేనరికం ఉంది. ఒడియా కుటుంబాల్లో సాధారణంగా లేదు. ఒకే మనిషి బావ, మేనత్త కొడుకు, వ్యాపార భాగస్వామి మూడూ అయినప్పుడు తెలుగు కుటుంబాల చుట్టరికాల వల సహజంగానే బిగువుగా లెక్కకు వస్తుంది. ఆ బిగువును చూసి “తెలుగువారు ఒడియావారితో కలవరు” అని రాసేవారు పెళ్లి ఆచారాన్ని సామాజిక వైఖరిగా పొరబడుతున్నారు. చుట్టరికపు లంకెలను ఒక ఫైలులో, సలహా లంకెలను మరో ఫైలులో ఉంచి విడివిడిగా లెక్కిస్తేనే ఈ తేడా బయటపడుతుంది.

మీ ఉద్దేశం పరిశోధన కాక, టీకాల కార్యక్రమం గురించో స్కాలర్‌షిప్ గడువు గురించో కబురు చేరవేయడమే అయితే ఇంత శ్రమ అక్కరలేదు. “ఒక కబురు ఊరంతా తెలియాలంటే ముందు ఎవరికి చెప్పాలి?” అని పదిమందిని అడిగి, ఎక్కువమంది చెప్పిన పేర్లు తీసుకోండి. పైన చెప్పిన సూక్ష్మ రుణాల పరిశోధకులే కర్ణాటకలో, హర్యానాలో దీన్ని పరీక్షించి చూశారు. నెట్‌వర్కు పటం చేతిలో లేకపోయినా ఊరివారికి ఆ సంగతి తెలుసునని తేలింది.

ఒకే మనిషి, నాలుగు పేర్లు

సేకరించిన పేర్లను శుభ్రం చేయడానికి అన్నిటికంటే ఎక్కువ సమయం పడుతుంది, పడాలి కూడా. సరిహద్దు జిల్లాల్లో ఒకే వ్యక్తి పేరు తెలుగులో ఒకలా, ఒడియా లిపిలోని ఓటర్ల జాబితాలో మరోలా, ఆధార్‌లో ఇంగ్లీషులో ఇంకోలా ఉంటుంది. ఒడియా ఉచ్చారణలో వకారం చాలాచోట్ల బకారం అవుతుంది, హల్లులోని అకారం ఒకారం వైపు జరుగుతుంది. వెంకటరమణ అన్న పేరు ఒక జాబితాలో బెంకట రమణగా కనబడితే ఆశ్చర్యపడనక్కరలేదు. తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు వస్తుంది, ఒడిశా కార్యాలయాల ఫారాల్లో చివరకు వెళ్తుంది. రావు, అమ్మ, దొర వంటి చివరి మాటలు కొన్నిచోట్ల ఇంటిపేరుగా నమోదై కూర్చుంటాయి. అక్షరాల పోలికను బట్టి పేర్లను జతచేసే సాఫ్ట్‌వేర్ దీన్ని కొంతవరకే పట్టుకుంటుంది. అది సూచించిన జతలను ఊరు, వృత్తి, చుట్టరికంతో సరిపోల్చి మనిషే తేల్చాలి. ఇద్దరు వేర్వేరు మనుషులను ఒకరిగా కలిపివేస్తే లేని వారధి పుట్టుకొస్తుంది. ఒకే మనిషిని ఇద్దరుగా వదిలేస్తే ఉన్న వారధి తెగిపోతుంది. అందుచేత సందేహం ఉన్న జతలకు ఒక గుర్తు పెట్టి, కలిపి ఒకసారి, కలపకుండా మరోసారి లెక్కించి చూడటం అవసరం.

ఫైలును అన్ని లిపులనూ భద్రపరచగల యూటీఎఫ్-8 అనే సంకేత పద్ధతిలోనే దాచాలి. లేకపోతే తెలుగు, ఒడియా అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు అక్షరాలు 3072 నుంచి 3199 వరకు, ఒడియా అక్షరాలు 2816 నుంచి 2943 వరకు ఉన్న సంఖ్యల్లో ఉంటాయి కనుక ఏ పేరు ఏ లిపిలో ఉందో కంప్యూటరు వెంటనే చెబుతుంది. తెలుగులో ఐత్వాన్ని ఒకే సంకేతంగా గాని, రెండు సంకేతాల జంటగా గాని రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపించినా కంప్యూటరుకు అవి వేర్వేరు పదాలు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో అక్షరాలను ఒకే రూపానికి తెచ్చే సదుపాయం ఉంది, పోలిక మొదలుపెట్టే ముందే దాన్ని వాడాలి.

ఫోనుల్లో, గ్రూపుల్లో దొరికే ఆనవాళ్లు

సామాజిక మాధ్యమాల నుంచి వివరాలు తీసుకోవడం ఒకప్పుడు ఉన్నంత సులువుగా ఇప్పుడు లేదు. ఫేస్‌బుక్ వాడేవారి వివరాలను వారి అనుమతి లేకుండా రాజకీయాలకు వాడుకున్న కేంబ్రిడ్జ్ అనలిటికా ఉదంతం 2018లో బయటపడ్డాక ఫేస్‌బుక్ తలుపులు బాగా మూసింది. ట్విట్టర్ 2023లో వివరాలు తీసుకునే ఉచిత మార్గాన్ని తీసేసింది. ఫేస్‌బుక్ పోస్టుల వ్యాప్తిని చూపే క్రౌడ్‌టాంగిల్ 2024 ఆగస్టులో మూతపడింది. అయితే సరిహద్దు ఊళ్ల వరకు ఇది పెద్ద నష్టం కాదని నా అభిప్రాయం, ఎందుకంటే ఇక్కడి సంభాషణ ఎక్కువగా వాట్సాప్ గ్రూపుల్లోనే సాగుతుంది.

గ్రూపు సభ్యులందరికీ తెలిపి, అంగీకారం తీసుకున్న తరువాతే ఎవరైనా ఒక సభ్యుడి చేత సంభాషణను ఎక్స్‌పోర్ట్ చేయించాలి. ఒక్క అడ్మిన్ ఒప్పుకుంటే చాలదు. వచ్చే ఫైలులో తేదీ, సమయం, పేరు లేదా నంబరు, సందేశం ఉంటాయి. తేదీ రాసే తీరు ఫోను అమరికను బట్టి మారుతుంది, ఒకే సందేశం నాలుగు వరుసల్లో ఉండవచ్చు; వీటిని సరిచేయకుండా లెక్క మొదలుపెట్టవద్దు. ఎవరి మాటకు ఎవరు బదులిచ్చారన్నది ఆ ఫైలులో ఉండదు. వెంట వెంటనే వచ్చిన రెండు సందేశాల మధ్య లంకె ఉందని ఊహించే పద్ధతి ఒకటి వాడుకలో ఉంది కాని, పండగ రోజున నలభై మంది వరుసగా శుభాకాంక్షలు పంపితే ఆ ఊహ ప్రకారం నలభై మందీ మాట్లాడుకున్నట్టవుతుంది. ఫార్వర్డులను బట్టి వ్యాప్తిని కొలిచేవారు కాలాన్ని కూడా గుర్తుంచుకోవాలి: భారతదేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయరాదన్న పరిమితిని వాట్సాప్ 2018 జులైలో ప్రకటించింది, ఎక్కువసార్లు తిరిగిన సందేశాలను 2020 ఏప్రిల్‌లో ఒక్క చాట్‌కు కుదించింది. ఈ తేదీలకు ముందు వెనుకల వేగాలను నేరుగా పోల్చరాదు.

నంబరును చూసి రాష్ట్రం నిర్ణయించడం ఇక్కడ చెల్లదు. దేశమంతటా నంబరు మార్చకుండా టెలికాం సర్కిల్ (ఫోను సేవల ప్రాంతం) మారే వీలు 2015 జులై 3 నుంచి ఉంది. పైగా అవతలి రాష్ట్రంలో కొన్న సిమ్ ఇవతల వాడటం సరిహద్దు ఊళ్లలో మామూలు. అలాగే ఖాతా అంటే మనిషి కాదు. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము స్వయంగా వాడుకునే మొబైలు ఉన్న మహిళలు సుమారు 54 శాతమే. గ్రూపులో భర్త నంబరు మాట్లాడుతున్నప్పుడు అది భార్య ప్రశ్న కావచ్చు, కూతురు టైపు చేసింది కావచ్చు. అందుకే గడప దగ్గర అడిగిన వివరాలు లేకుండా ఫోను ఆనవాళ్లతోనే ఊరి పటం గీసే పనిని నేను సమర్థించను.

సందేశాల భాషను గుర్తించే విషయంలో లిపిని నమ్ముకోవద్దు. తెలుగు, ఒడియా రెండూ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఎక్కువగా టైపు చేస్తారు, ఒకే వాక్యంలో రెండూ కలుస్తాయి. కొన్ని వందల సందేశాలకు రెండు భాషలూ తెలిసిన ఇద్దరు విడివిడిగా గుర్తులు పెట్టి, వారిద్దరూ ఎంతవరకు ఏకీభవించారో చూసుకున్నాకే యంత్రం చేత మిగిలినవాటిని గుర్తింపజేయాలి.

లెక్క

ఇంతవరకు వచ్చాక లెక్కకు పట్టే సమయం తక్కువ. ఒక పట్టికలో మనుషులు (సంకేత సంఖ్య, ఊరు, భాష, అడిగారా లేదా), మరో పట్టికలో లంకెలు (ఎవరి నుంచి, ఎవరికి, ఏ రకం) ఉండాలి. పైథాన్‌లో పాండాస్‌తో పట్టికలు చదివి, నెట్‌వర్క్‌ఎక్స్‌తో లెక్కించవచ్చు; ఆర్ అనే భాష తెలిసినవారికి ఐగ్రాఫ్ ఉంది; కోడ్ రానివారికి గెఫీ ఉంది. సొంత వివరాల మీద చేసే ముందు వేన్ జాకరీ 1977లో ప్రచురించిన కరాటే క్లబ్ వివరాల మీద సాధన చేయండి. 34 మంది, 78 లంకెలు ఉన్న ఆ నెట్‌వర్కు నెట్‌వర్క్‌ఎక్స్‌లోనే ఉంటుంది. పైన చెప్పిన ఎనిమిది మంది లెక్కను కూడా ఎక్కించి, కంప్యూటరు త కు 12 ఇస్తుందో లేదో చూసుకోండి. 12కు బదులు 0.571 కనిపిస్తే కంగారుపడవద్దు, అది గరిష్ఠమైన 21తో భాగించి చూపిన విలువ.

సమూహాలను కనిపెట్టే పద్ధతుల్లో 2008 నాటి లూవాన్, దాని లోపాలను సవరించిన 2019 నాటి లైడెన్ ప్రసిద్ధమైనవి. వీటిని ఒక్కసారి నడిపి వచ్చిన రంగుల బొమ్మను నివేదికలో అతికించడం పెద్ద పొరపాటు. మొదలుపెట్టే యాదృచ్ఛిక సంఖ్య మారితే సమూహాలు మారవచ్చు కనుక అనేకసార్లు నడిపి, ప్రతిసారీ కలిసి ఉన్నవారినే ఒక సమూహంగా చెప్పాలి. ఈ పద్ధతులు సాధారణంగా ఆధారపడే మాడ్యులారిటీ అనే కొలత (సమూహాల లోపల లంకెలు యాదృచ్ఛికంగా ఉండేదానికంటే ఎంత ఎక్కువో చూపేది) పెద్ద నెట్‌వర్కులో చిన్న సమూహాలను పక్కవాటిలో కలిపివేస్తుందని ఫార్టునాటో, బార్తెలెమీ 2007లో చూపించారు. గోపాల్‌పూర్ తీరంలోని ఒక చిన్న తెలుగు మత్స్యకార పేట బరంపురం పట్టణపు సమూహంలో కలిసిపోయినట్టు కనిపిస్తే, అది కంప్యూటరు చూపు మందగించడం కావచ్చు. సమూహాల జాబితాను ఊరివారికి చూపి అడగడం దీనికి మంచి పరీక్ష. గెఫీ గీసే బొమ్మలో ఇద్దరి మధ్య కనిపించే దూరానికి కూడా ఎక్కువ అర్థం వెతకవద్దు.

రెండు వైపులవారు ఎంత కలుస్తున్నారో చెప్పడానికి క్రాక్‌హార్ట్, స్టెర్న్ 1988లో ప్రతిపాదించిన సూచిక సరళంగా ఉంటుంది: బయటి లంకెల్లోంచి లోపలి లంకెలను తీసివేసి, మొత్తం లంకెలతో భాగించాలి. అన్నీ లోపలివైతే −1, అన్నీ బయటివైతే +1. మన ఎనిమిది మందిలో రాష్ట్రం దాటే లంకె ఒక్కటే, లోపలివి 10, సూచిక −0.82. ఇది తనంతట తాను పెద్ద సంగతా, కాకతాళీయమా? లంకెలను కదపకుండా ఉంచి, “ఆంధ్ర” అనే గుర్తును ఎనిమిది మందిలో ఏ ముగ్గురికైనా తగిలించి చూడండి. అలా 56 విధాలుగా చేయవచ్చు. వాటిలో రాష్ట్రం దాటే లంకె ఒక్కటే మిగిలే విధానం ఒకే ఒక్కటి, మనం చూసినదే. కాబట్టి ఇది యాదృచ్ఛికంగా జరగడానికి అవకాశం రెండు శాతం లోపే. పెద్ద నెట్‌వర్కులో అన్ని విధాలూ లెక్కించలేము కనుక కంప్యూటరు చేత కొన్ని వేలసార్లు గుర్తులను కలగాపులగం చేయిస్తారు. మామూలు గణాంక పరీక్షలు ప్రతి వరుసా మిగిలినవాటితో సంబంధం లేనిదని అనుకుంటాయి. నెట్‌వర్కులో ఆ ఊహ నిలవదు కనుక ఈ పద్ధతే వాడాలి.

పేర్లను దాచడం, ఫలితాలను చెప్పడం

ఫోను నంబర్లను హాష్ చేస్తే, అంటే ఒక సూత్రంతో గుర్తుపట్టలేని అక్షరాల వరుసగా మారిస్తే, భద్రమని చాలామంది నమ్ముతారు. భారతీయ మొబైలు నంబరు పది అంకెలది, 6 నుంచి 9 మధ్య అంకెతో మొదలవుతుంది. అంటే ఉన్న అవకాశాలు 400 కోట్లు మాత్రమే. అన్నిటినీ వరుసగా హాష్ చేసి పోల్చడం సాధారణ కంప్యూటరుకు పెద్ద పని కాదు. కాబట్టి నంబరుతో ఏ సంబంధమూ లేని సంకేత సంఖ్యలను ఇచ్చి, వాటిని పేర్లతో కలిపే జాబితాను వేరే చోట తాళం వేసి ఉంచి, పని అయ్యాక నాశనం చేయాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పరిశోధనకు మినహాయింపు ఇస్తుంది కాని అది షరతులతో కూడినది. ఆ వివరాలతో ఫలానా వ్యక్తికి సంబంధించిన నిర్ణయాలు తీసుకోకూడదు. చెప్పినవారి అంగీకారంతో పాటు మరో చిక్కు ఉంది: వారు పేరు చెప్పిన మూడో మనిషి అంగీకారం మీ దగ్గర లేదు. ఆ మనిషి గురించి చుట్టరికం, ఊరు, వృత్తి మించి ఏమీ రాసుకోవద్దు.

కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులోని కొటియా పల్లెల వంటి, రెండు రాష్ట్రాలూ తమవేనంటున్న చోట్ల “మీది ఏ రాష్ట్రం, ఏ కార్డు ఉంది?” అన్న ప్రశ్న ఫారంలో ఉండనే కూడదు. ఆ జవాబు ఎవరి చేతిలో పడినా చెప్పినవారికి ఇబ్బంది కలిగించగలదు. మీ లెక్కకు దానితో అవసరం కూడా లేదు, సలహా ఏ ఊరి నుంచి వచ్చిందో తెలిస్తే సరిపోతుంది.

నివేదికలో నెట్‌వర్కు బొమ్మ ప్రచురించేటప్పుడు పేర్లు తీసేస్తే చాలదు. చిన్న ఊళ్లో “మందుల దుకాణం, రెండు లంకెలు, రెండు రాష్ట్రాలు” అంటే అది ఎవరో అందరికీ తెలుస్తుంది. వారధిగా తేలిన మనిషి మీద అప్పులవాళ్ల దగ్గర నుంచి ఎన్నికల కార్యకర్తల దాకా చాలామంది కన్ను పడుతుంది కనుక, వృత్తులను “వ్యాపారం”, “ఉద్యోగం” వంటి విశాలమైన మాటల్లోకి మార్చండి, ఐదుగురి కంటే తక్కువమంది ఉన్న గడిని పట్టికలో చూపవద్దు, వ్యక్తుల మధ్యవర్తిత్వ విలువలకు బదులు వీధులు, ఊళ్లు అనే స్థాయిలో సగటులను ఇవ్వండి. ఊరివారికి చెప్పేటప్పుడు మాత్రం బొమ్మ అసలు వద్దు. పర్లాకిమిడి వీధిలో సమావేశం పెట్టి, ఆసుపత్రి సమాచారం ఎక్కువగా ఏ దారిలో వస్తోంది, ఏ వాడకు ఆలస్యంగా చేరుతోంది అన్న రెండు సంగతులను తెలుగులోనూ ఒడియాలోనూ చెప్పి, వారి అభ్యంతరాలను రాసుకొని, వాటిని చేర్చిన తరువాతే నివేదికను ఖరారు చేయాలి.